శనివారం ఒక్కపొద్దు: ఒక బులీమియా కేసు

ఆ అమ్మాయి నా దగ్గరికి పళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీతో వచ్చింది. చీటీలో రెండే ముక్కలున్నాయి. పై వరస ముందుపళ్ళు లోపలివైపు అరిగిపోయాయి, కడుపులో యాసిడ్ తరచూ తగులుతున్నట్టుంది, ఒకసారి మాట్లాడండి అని. అంతకుముందు రెండేళ్ళలో ఆమె ఇద్దరు గ్యాస్ట్రో డాక్టర్లకు, ఒక ఫిజీషియన్‌కు, ఒక గైనకాలజిస్టుకు చూపించుకుంది. ఎండోస్కోపీ రెండుసార్లు చేశారు. గ్యాస్ మాత్రలు సంచీడు మింగింది. వాంతులు ఎన్నాళ్ళ నుంచి, తిన్న ఎంతసేపటికి, రక్తం పడుతోందా అని అందరూ అడిగారు. "నువ్వే తెప్పించుకుంటున్నావా?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పళ్ళ డాక్టరూ అడగలేదు గానీ, ఆవిడ పళ్ళు చూసి అనుమానపడ్డారు.

నేను హైదరాబాదులో క్లినికల్ సైకాలజిస్టుని. ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. రాసింది చదివి రెండుచోట్ల దిద్దింది కూడా. పేరు, ఊరు, ఉద్యోగం, ఇంటి సంగతులు మార్చాను. ఆమెను స్రవంతి అంటాను. బరువు ఎన్ని కిలోలు, ఒక్కసారికి ఎంత తినేది, ఎలా కక్కేది అన్నవి ఇందులో ఉండవు. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఇలాంటివి చదివేటప్పుడు ముందు అంకెలే ఏరుకుంటారని ఆమే చెప్పింది. తనూ అలాగే ఏరుకుందట.

మొదటి రోజు

వయసు 22. ఊరు తెనాలి వైపు. బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం, కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టల్, గదికి ముగ్గురు. చూడటానికి సన్నమూ కాదు, లావూ కాదు. బులీమియా అంటే అదుపులేకుండా తినేసి, దానికి విరుగుడుగా కక్కడమో ఉపవాసమో చేసే జబ్బు. అందులో ఎక్కువమంది ఇలాగే ఉంటారు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తిండి జబ్బు అనగానే మనకు ఎముకల గూడు గుర్తొస్తుంది. అది అనొరెక్సియా, వేరే సంగతి.

బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగేంత మామూలుగా అడిగాను. "వాంతులు వాటంతటవే వస్తాయా, నువ్వే చేసుకుంటావా?"

చాలాసేపు పలకలేదు. తర్వాత "నేనే, మేడం" అంది. ఇంకాసేపటికి, "మీరు అలా అడిగేస్తారనుకోలేదు. రెండేళ్ళ నుంచి ఎవరైనా అడిగితే చెప్పేద్దామని చూస్తున్నా" అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. ఈ జబ్బు సిగ్గులో దాక్కుంటుంది. రోగి తనంతట తాను నోరు విప్పడు. నేరుగా అడిగితే చాలామంది దాచరు. 1999లో ఇంగ్లండులో ముగ్గురు పరిశోధకులు తయారుచేసిన ఐదు ప్రశ్నల వరస ఒకటుంది. రెండింటికి అవునంటే ఇంకా లోతుగా చూడాలి. నేను వాటిని తెలుగులో అడుగుతాను. తిండి మీద అదుపు తప్పిందని భయమేస్తోందా, కడుపు నిండిపోయి ఇబ్బందనిపించి కక్కేస్తావా, రోజంతా ఆలోచనలు తిండి చుట్టూనే తిరుగుతున్నాయా, అని. స్రవంతి ఐదింట నాలుగింటికి తలూపింది.

కుడిచేతి వేళ్ళ కణుపుల మీద చర్మం గట్టిపడి నల్లబారింది. "కూరగాయలు తరుగుతుంటే" అంది. హాస్టల్లో కూరగాయలు ఎక్కడ తరుగుతావని నేను అడగలేదు. రెండో రోజు తనే నవ్వింది. దవడల కింద రెండువైపులా గవదబిళ్ళలు లేచినట్టు వాపుంది. పదే పదే కక్కితే లాలాజల గ్రంథులు అలా ఉబ్బుతాయి. అద్దంలో ఆ వాపు చూసి తన ముఖం లావెక్కుతోందని మర్నాడు ఇంకొంచెం కడుపు మాడ్చుకునేదట. జబ్బు తన మేత తానే పుట్టించుకోవడమంటే ఇదే.

పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది అని చెప్పింది. ఆ మాట విన్నాక మాటల వైద్యం పక్కనపెట్టాను. వెంటనే రక్తపరీక్షకు, ఈసీజీకి పంపాను. పొటాషియం 2.8 వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఈసీజీలోనూ తేడా కనిపించింది. కక్కేటప్పుడు కడుపులో యాసిడ్ పోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, దాన్ని కాపాడుకోవడానికి కిడ్నీలు ఉప్పును పట్టుకుని పొటాషియాన్ని వదిలేస్తాయి. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. మనిషి చూడటానికి బాగానే ఉంటుంది, ఆఫీసుకి వెళ్తుంది, నవ్వుతుంది, ఒకరోజు బాత్రూంలో పడిపోతుంది. నేను కలిసి పనిచేసే సైకియాట్రిస్టు ఆ సాయంత్రమే ఆమెను జనరల్ ఆస్పత్రిలో చేర్పించారు. రెండు రోజులు గుండెకు మానిటర్ పెట్టి పొటాషియం ఎక్కించారు. మెగ్నీషియం కూడా తక్కువే ఉంది. అది సర్దకపోతే పొటాషియం ఎంత పోసినా నిలవదు.

చచ్చిపోవాలనిపించిందా అని కూడా అడిగాను. "పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండనిపిస్తుంది. నేనేదో చేసుకోవాలని లేదు" అంది. ఈ రెండింటికీ మధ్య గీత ఎప్పుడూ ఒకేచోట ఉండదు కాబట్టి ప్రతివారం అడుగుతానని చెప్పాను, అడిగాను కూడా. రాత్రిళ్ళు నేను ఫోనుకి దొరకను. అందుకని టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఆమె ఫోనులో అప్పుడే ఎక్కించాం. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎలా మొదలైంది

పదో తరగతిలో బొద్దుగా ఉండేది. క్లాసులో ఒక ముద్దుపేరు పెట్టారు, అది ఇక్కడ రాయొద్దంది. 18 ఏళ్ళకు నెలసరి తప్పుతోందని చూపిస్తే పీసీఓడీ, అంటే అండాశయాల హార్మోన్ల తేడా అన్నారు. "బరువు తగ్గాలమ్మా" అన్నారు. ఎలా తగ్గాలో చెప్పడానికి ఆ డాక్టరుకు టైం లేదు. స్రవంతి తనకు తోచినట్టు అన్నం మానేసింది. మూడు నెలల్లో సన్నబడింది. పండక్కి ఇంటికెళ్తే పిన్నులు, అత్తలు చుట్టూ చేరి "ఏం తింటున్నావే, మాకూ చెప్పు" అన్నారు. ఆమె జీవితంలో అందరూ ఒకేసారి మెచ్చుకున్న రోజు అదేనట. బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసైనప్పుడు కూడా అంత సందడి లేదు.

ఆకలిని ఎల్లకాలం తొక్కిపెట్టలేం. కొద్ది నెలలకే బరువు వెనక్కి రావడం మొదలైంది. అదే సమయంలో ఒక సంబంధం వచ్చింది. అటువాళ్ళు ఫొటో చూసి "అమ్మాయి కాస్త ఒళ్ళు చేసినట్టుందే" అన్నారని మధ్యవర్తి వచ్చి చెప్పాడు. అమ్మ ఆ మాట కూతురికి చేరవేసింది. కసితో కాదు, జాగ్రత్తపడుతుందని. స్రవంతి శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. నాయనమ్మ వెంకటేశ్వరస్వామి పేరున నలభై ఏళ్ళుగా చేస్తున్నదే. తర్వాత గురువారం బాబా పేరున, తర్వాత సోమవారం. ఏడాది తిరిగేసరికి వారంలో మూడు రోజులు ఉపవాసాలే. మిగతా నాలుగు రోజులు ఫోనులో ఒక యాప్ 16 గంటలు తినొద్దని గంట కొట్టేది.

"డైటింగ్ అంటే ఎవరో ఒకరు వద్దంటారు మేడం. ఉపవాసమంటే దండం పెడతారు" అంది. ఈ వాక్యాన్ని నా నోట్సులో గీత గీసి పెట్టుకున్నాను.

రాత్రి 11 దాటాక, పక్కవాళ్ళు పడుకున్నాక, తినడం మొదలయ్యేది. దానికి ఆమె పెట్టుకున్న పేరు పూనకం. "పూనకం వచ్చినట్టే మేడం. చేతులు నావి కావు. రుచి తెలీదు. కడుపు నొప్పెడితే గానీ ఆగను." యాప్‌లో బిర్యానీ తెప్పించుకునేటప్పుడు రెండు స్పూన్లు పెట్టమని రాసేది, హోటలువాడు ఒక్కదాన్నే అనుకోకూడదని. అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఒక్క రాత్రిలో ఖాళీ అయ్యేది. మర్నాడు మిఠాయి కొట్లో కొని డబ్బా నింపేది. రూమ్మేట్‌కి తేడా తెలియకుండా పైన నాలుగు మాత్రం అమ్మ చేసినవే ఉంచేదట. అంటే పూనకంలో కూడా ఆ నాలుగూ మిగుల్చుకునేది. ఈ సంగతి తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

తిన్నాక భయం. భయం పోవడానికి బాత్రూం. కాసేపు ఒళ్ళు తేలికై నిద్రపట్టేది. పొద్దున్నే సిగ్గు, ఆ సిగ్గుకు ప్రాయశ్చిత్తంగా ఇంకో ఉపవాసం. రోజూ కనీసం ఒకసారి, కొన్నిరోజులు రెండుమూడుసార్లు. మెడికల్ షాపులో అడిగి విరేచనాల మందూ వాడింది. జీతంలో మూడోవంతు తిండికే పోయేది. హాస్టల్లో గుసగుసలు వేరే రకంగా నడిచాయి. పెళ్ళికాని పిల్లకు వాంతులంటే మనవాళ్ళకు తట్టేది ఒక్కటే. వార్డెన్ పిలిచి "ఏదైనా ఉంటే చెప్పమ్మా" అందట. ఆ అనుమానం తీర్చడానికి గ్యాస్ట్రో రిపోర్టులు చూపించింది. జబ్బును దాచడానికి ఆస్పత్రి కాగితాలే పనికొచ్చాయి.

పేరు, నిర్ధారణ

బులీమియా గ్రీకు మాట. ఎద్దు ఆకలి అని అర్థం. ఈ జబ్బును వేరుచేసి బులీమియా నెర్వోసా అని పేరుపెట్టినాయన జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు. లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో తాను చూసిన 30 మంది గురించి 1979లో రాశాడు. వేళ్ళ కణుపుల మీది కాయలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికన్ పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5 ప్రకారం అదుపులేకుండా తినడం, దానికి విరుగుడుగా కక్కడమో ఉపవాసమో మరొకటో చేయడం సగటున వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు ఉండాలి. తన విలువనంతా ఒంటి ఆకారంతోనో బరువుతోనో కొలుచుకోవాలి. స్రవంతికి అన్నీ సరిపోయాయి. థైరాయిడ్ చూశాం, గర్భం పరీక్ష చేశాం, కడుపు సంగతి ముందే రెండుసార్లు చూసి ఉన్నారు. డిప్రెషన్ కొంత ఉంది. దానికదే వచ్చిందా, బులీమియా వెంట వచ్చిందా అన్నది తేల్చడానికి తొందరపడలేదు.

విరుగుడు లెక్కలోకి ఉపవాసం కూడా వస్తుందని నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు. తన జబ్బు కక్కడమొక్కటే అనుకుంది. ఉపవాసాలు తన క్రమశిక్షణ అనుకుంది. ఈ కేసులో మా పని ఎక్కువభాగం ఈ ఒక్క అపోహ చుట్టూనే నడిచింది.

బొమ్మ

ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే సైకియాట్రిస్టు బులీమియా కోసం 1980ల నుంచి తీర్చిదిద్దిన సీబీటీ పద్ధతినే నేను వాడతాను. సీబీటీ అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల వైద్యం. సుమారు 20 వారాలు, 20 సిట్టింగులు. మొదటి నెల వారానికి రెండుసార్లు. ఈ మొదటి నెలే కీలకం. అప్పటికి తగ్గుదల కనిపించకపోతే చివర్లో కనిపించే అవకాశం తక్కువ.

రెండో సిట్టింగులో ఒక తెల్లకాగితం ఆమె ముందుపెట్టి, వరస ఎక్కడ మొదలవుతుందో రాయమన్నాను. ముందు పైన "పూనకం" అని రాసింది. దాని కింద కక్కడం, దాని కింద సిగ్గు, దాని కింద ఉపవాసం.

"ఉపవాసం తర్వాత?"

"ఆకలి."

"ఆకలి తర్వాత?"

పెన్ను పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కింది నుంచి పైకి ఒక బాణం గీసింది. బొమ్మ గుండ్రంగా తిరిగి పూనకం దగ్గరికే చేరింది.

నేను అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక ప్రయోగం సంగతి చెప్పాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నుంచి 1945 దాకా, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలు అర్ధాకలి పెట్టాడు. యుద్ధం తర్వాత ఆకలితో ఉన్న జనాన్ని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి. వాళ్ళకు లావు భయం లేదు, అద్దం గొడవ లేదు, పెళ్ళిచూపులు లేవు. అయినా రోజంతా తిండి గురించే మాట్లాడుకున్నారు, వంటల పుస్తకాలు చదువుకున్నారు, ప్లేట్లు నాకారు. ఆంక్ష ఎత్తేశాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఆపలేకపోయారు. స్రవంతి విని, "మగాళ్ళు కూడానా?" అంది. ఆమె తనను తాను బకాసురిగా, కడుపా చెరువా అని తిట్టుకునే మనిషి. ఆ 36 మందిలో బకాసురుడు ఎవరూ లేరు. అది ఒళ్ళు చేసే పని.

"కక్కడం మానమని ఇప్పుడు చెప్పను. తినమని చెప్తాను" అన్నాను.

"తింటే లావైపోతాను మేడం."

"చూద్దాం. వారానికి ఒక్కసారి ఇక్కడే, నా ముందే బరువు చూసుకుందువు. హాస్టల్లో మిషను రూమ్మేట్‌కి ఇచ్చెయ్."

రోజుకు అప్పటిదాకా ఆరేడుసార్లు ఎక్కేది. ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది.

తిండి పట్టీ

ప్రణాళిక చాలా మామూలుది, వినడానికి వైద్యంలాగే ఉండదు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుమూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదు. ఆకలేసినా వేయకపోయినా టైముకు తినాలి, ఎందుకంటే ఇన్నేళ్ళ తర్వాత ఆకలి గంట సరిగ్గా మోగదు. ఎనిమిదికి హాస్టల్ టిఫిను, పదకొండుకు అరటిపండో పల్లీపట్టీయో, ఒంటిగంటకు ఆఫీసు క్యాంటీన్లో అన్నం, ఐదింటికి టీతో మరమరాలు, ఎనిమిదిన్నరకు హాస్టల్ భోజనం, పడుకునే ముందు పాలు. ఏం తినాలన్నది మొదట పట్టించుకోం. ఎప్పుడు తినాలన్నదే ముఖ్యం.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. తిన్నవి రాసుకోవడానికి ఆమెకు ఇవ్వాల్సిన ఖాళీ పట్టీ ఆ రోజు అయిపోయింది. చేతికందిన డైటీషియన్ ఫారం ఇచ్చేశాను. అందులో చివరి గడి క్యాలరీలది. మూడు రోజుల తర్వాత ఆ గడి నిండా దశాంశాలతో సహా రాసుకొచ్చింది. ఆ వారం పూనకాలు తగ్గకపోగా పెరిగాయి. ఫారం చింపి, క్షమించమని అడిగి, తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసిచ్చాను. టైము, ఏం తిన్నావు, పూనకమా కాదా, మనసులో ఏముంది. ఫారం చింపడం చూసి ఆశ్చర్యపోయింది. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం తనకు అలవాటు లేదని ఇంకో రోజు చెప్పింది.

మొదట్లోనే చెప్పి ఉంచాల్సిన సంగతి ఇంకొకటుంది. దీన్ని మాత్రం మరిచిపోలేదు. కక్కడం తగ్గించిన మొదటి వారం పదిరోజుల్లో ఒంట్లోకి నీరు చేరుతుంది. ఇన్నాళ్ళూ నీరు పోతోందని ఒళ్ళు ఉప్పును పట్టి ఉంచే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసింది. కక్కడం ఆగినా ఆ హార్మోన్ వెంటనే దిగదు. పాదాలు వాస్తాయి, మిషను మీద అంకె ఎగురుతుంది. అది కొవ్వు కాదు, నీళ్ళు. దిగిపోతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి ఆ అంకె చూసి మళ్ళీ కనిపించదు. స్రవంతి రెండో వారం ఏడుస్తూ వచ్చింది. చెప్పులు బిగుతయ్యాయని. "మీరు చెప్పారు, అయినా భయమేసింది" అంది. ఆ వారం సైకియాట్రిస్టూ నేనూ ఇద్దరం చూశాం. మూడో వారానికి పాదాలు మామూలయ్యాయి.

తనకు ఎంతో నమ్మకమైన ఇంకో లెక్కనూ కూలగొట్టాల్సి వచ్చింది. కక్కేస్తే తిన్నదంతా పోతుందన్న లెక్క. పోదు. తిన్నదాంట్లో పెద్దభాగం అప్పటికే దిగిపోయి ఒంట్లోనే ఉంటుంది. విరేచనాల మందు పనిచేసేది పెద్దపేగులో. తిండి సారం ఒంటికి పట్టేది అంతకుముందే, చిన్నపేగులో. పోయేది నీళ్ళు, పొటాషియం. ఈ సంగతి విన్నరోజు ఆమెకు కోపమొచ్చింది. నా మీద కాదు, పోయిన మూడేళ్ళ మీద.

మందుల సంగతి సైకియాట్రిస్టుది. ఫ్లూఓక్సెటీన్ 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మూడు వారాల్లో 60కి తీసుకెళ్ళారు. డిప్రెషన్‌కు సాధారణంగా వాడే మోతాదు ఇక్కడ చాలదు. 1992లో అచ్చయిన, 387 మంది స్త్రీల మీద చేసిన పరిశోధనలో 60 మిల్లీగ్రాములే బాగా పనిచేసింది. 1996లో అమెరికాలో బులీమియాకు దీన్ని ఆమోదించారు. మందు పూనకాల ఉధృతిని తగ్గిస్తుంది. తినడం నేర్పదు. బ్యుప్రొపియాన్ అనే మరో డిప్రెషన్ మందు మాత్రం బులీమియాలో వాడకూడదు, ఫిట్స్ ప్రమాదం ఉంది. పళ్ళ డాక్టరు చెప్పింది కూడా పట్టీలో రాశాం. కక్కిన వెంటనే బ్రష్ చేయొద్దు, యాసిడ్‌తో మెత్తబడిన ఎనామిల్ ఇంకా అరుగుతుంది, నీళ్ళతో పుక్కిలిస్తే చాలు.

నాయనమ్మ

నాలుగో వారానికి పూనకాలు వారానికి పదీ పన్నెండు నుంచి నాలుగైదుకి దిగాయి. ఆ నాలుగైదూ ఎప్పుడొస్తున్నాయో పట్టీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. సోమవారం, గురువారం ఉపవాసాలు ఆమె వదిలేసింది. శనివారం వదల్లేదు. పూనకాలన్నీ శనివారం రాత్రి, ఆదివారం.

"శనివారం వదలను మేడం. అది మొక్కు."

మొక్కుతో నేను వాదించను. పుస్తకంలో దీనికి జవాబు ఉండదు. ఉపవాసం మూఢనమ్మకమని చెప్పే థెరపిస్టులు ఉన్నారు, ఆ దారిలో వెళ్తే రోగి ఒప్పుకున్నట్టు తలూపి ఇంటికెళ్ళి రెట్టింపు చేస్తుంది. నాకు నిజానికి ఆ ఒక్కపొద్దు ఎలా చేస్తారో సరిగ్గా తెలియదు. "మీ నాయనమ్మ ఏం తింటారు శనివారం?" అని అడిగాను. తెలీదంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి చూడలేదంది.

ఈలోగా వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది. ఆస్పత్రి బిల్లు ఎలాగో చేతికి చిక్కింది. "అమ్మా, మా పిల్లకేమైంది, కన్నతల్లిని, నాకు చెప్పరా?" అని ఏడ్చింది. స్రవంతి మేజరు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం కూడా ఆమె వివరాలు ఆమె అనుమతి లేకుండా నేను చెప్పకూడదు. "మీ పిల్ల నా దగ్గరికి వస్తోందో లేదో కూడా నేను చెప్పలేనమ్మా, తననే అడగండి" అన్నాను. ఆ ఫోను పెట్టేశాక నాకూ బాధగానే ఉంది. స్రవంతికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అని ఒక సిట్టింగు మొత్తం మాట్లాడుకున్నాం. అమ్మకు కాదు, ముందు నాయనమ్మకు చెప్తానంది. ఎందుకని అడిగితే "నాయనమ్మ నా ఒంటి గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు" అంది.

పట్టీలో శనివారం గడి చూపించి చెప్పిందట. నాయనమ్మకు బులీమియా అర్థం కాలేదు, ఆకలి అర్థమైంది. ఆవిడ అన్నది స్రవంతి నాకు అప్పజెప్పింది.

"ఒక్కపొద్దంటే రాత్రికి అన్నం మానడమేనే. మధ్యాహ్నం శుభ్రంగా అన్నం తిని, రాత్రికి రెండు ఇడ్లీలో కాస్త ఉప్మావో తినాలి. పచ్చిమంచినీళ్ళ మీద ఉండమని నీకెవరు చెప్పారు? మా రోజుల్లో సగం ఒక్కపొద్దులు దేవుడి కోసం, సగం గాదెలో ధాన్యం లేక. నీకేమొచ్చింది? ఒంట్లో బాగోని వాళ్ళకు అసలు నియమమే లేదు."

నేను నెల రోజులు మాట్లాడినా ఇంత పని జరిగేది కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండిపోయింది, రాత్రి టిఫినుతో సహా. ఆరో వారం శనివారం రాత్రి గడిలో మొదటిసారి "ఇడ్లీ, కొబ్బరి చట్నీ" అని ఉంది, పూనకం గడి ఖాళీగా ఉంది. ఆదివారం ఒకటి వచ్చింది, అది వేరే సంగతి.

అమ్మకు తర్వాత చెప్పింది. అమ్మ మొదట "అన్నం కక్కుకుంటావా, పాపం కాదూ" అంది. ఆ తర్వాత నన్ను కలిసి, ఏం చేయాలో చెప్పమంది. నేను అడిగింది చిన్నదే. రెండు నెలలపాటు ఒళ్ళు, బరువు, సన్నం, లావు అన్న మాటలు ఫోనులో రాకూడదు. "సన్నబడ్డావ్" అన్న మెచ్చుకోలు కూడా వద్దు. అమ్మకు ఇది తిట్లు మానడం కంటే కష్టమైంది.

సున్నుండ

తిండి టైముకు పడ్డాక రెండో పని, భయపడే తిండి. ఆమె రాసిన జాబితాలో 23 ఉన్నాయి. అన్నం, నెయ్యి, బంగాళదుంప, పూరీ, బిర్యానీ. చివర్లో సున్నుండ. తక్కువ భయపెట్టేదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చాం. తొమ్మిదో వారం నా గదిలోనే ఒక సున్నుండ తిన్నది. ఒక్కటే, చిన్న ముక్కలుగా, ఎనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత గంటసేపు ఇద్దరం కూర్చున్నాం. బాత్రూంకి వెళ్ళాలనిపించే కోరికను పది నిమిషాలకోసారి పదికి ఎంతో చెప్పింది. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, ఆరు. యాభయ్యో నిమిషానికి మూడు. ఆ గంటలో తన మేనత్త పెళ్ళి కథ మొత్తం చెప్పింది. కోరిక అల లాంటిది, లేచి దానంతటదే దిగుతుందని నేను చెప్పింది వేరు, గడియారంలో చూసుకోవడం వేరు.

డబ్బాలో పైన మిగుల్చుకునే ఆ నాలుగు సున్నుండల సంగతి అప్పుడే ఎత్తాను. "చేతులు నీవి కావన్నావు. మరి ఆ నాలుగూ ఎవరు వదిలారు?" చాలాసేపు ఆలోచించింది. పధ్నాలుగో వారం పట్టీ తెచ్చినప్పుడు పూనకం అన్న గడి పేరు కొట్టేసి, తన చేత్తో "ఆకలి/బాధ" అని రాసి ఉంది. ఎందుకు మార్చావని నేను అడగలేదు. ఆ తర్వాత ఆ రెండింట్లో ఏదో గుర్తించడమే మా పని అయింది. ఆకలైతే తినాలి. టీం లీడు తిట్టిన రోజు వచ్చేది ఆకలి కాదు, దానికి బిర్యానీ మందు కాదు.

ఆకారం గురించి చేసిన పని మీద తక్కువ రాస్తున్నాను, ఎందుకంటే అది తక్కువే జరిగింది. అద్దం ముందు గంటలు తగ్గాయి, ఫోనులో డైట్ రీల్స్ ఖాతాలు తీసేసింది. ఫిజీలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. మూడేళ్ళ తర్వాత అక్కడి స్కూలు ఆడపిల్లలను అడిగితే, ముందు ఒక్కరూ చేయని పని, బరువు కోసం కక్కడం, 11.3 శాతం మంది చేస్తున్నామన్నారు. ఆ సంగతి చెప్తే "మాకు టీవీ ఏంటి మేడం, జేబులోనే ఉంది" అంది. తన విలువ ఒంటితోనే కొలుచుకోవడం మాత్రం సగమే వదిలింది. సంబంధాలు వస్తూనే ఉన్నాయి, ఫొటోలు వెళ్తూనే ఉన్నాయి. నా గదిలో గంటకూ బయట వారానికీ పోటీ పెడితే వారమే గెలుస్తుంది.

ఇప్పుడు

20 వారాలు అయ్యేసరికి చివరి నెలంతా ఒక్కసారి కూడా కక్కలేదు. ఈ వైద్యం పూర్తిచేసిన వాళ్ళలో కూడా పూర్తిగా ఆగేది దాదాపు సగం మందికే, కాబట్టి దీన్ని నా ప్రతిభగా రాసుకోను. త్వరగా తగ్గడం మొదలవడం, ఉద్యోగం ఉండటం, నాయనమ్మ ఉండటం కలిసొచ్చాయి.

ఏడో నెలలో బాబాయి కూతురి పెళ్ళి. పెళ్ళికి పది రోజుల ముందు లంగా జాకెట్టు కొలతలకు వెళ్తే, టైలరు టేపు పట్టుకుని ఏదో అన్నాడు. మధ్యాహ్నం భోజనం మానేసింది. మూడు రోజులు మానేసింది. నాలుగో రాత్రి తిని, కక్కింది, మర్నాడు మళ్ళీ. ఇదివరకైతే ఇక అయిపోయిందని వదిలేసేది. ఈసారి మూడో రోజు పొద్దున హాస్టల్ టిఫిను తిని, నాకు మెసేజ్ పెట్టింది. "రెండుసార్లయింది. కారణం టైలరు కాదు, మూడు మధ్యాహ్నాలు." కారణం అంత సూటిగా నేను కూడా రాసి ఉండేదాన్ని కాదు. జాకెట్టు వేరే టైలరుకిచ్చింది.

ఏడాది దాటింది. పొటాషియం వరసగా 4 పైనే ఉంటోంది. దవడల వాపు పోయింది, వేళ్ళ మీద మచ్చ ఉంది. ముందుపళ్ళు నాలుగింటికి క్యాపులు వేశారు, అరిగిన ఎనామిల్ తిరిగి రాదు. మందు ఇంకా 60 మీదే ఉంది, నెమ్మదిగా తగ్గించే ఆలోచన సైకియాట్రిస్టు వచ్చే సంక్రాంతి తర్వాత చేద్దామన్నారు, పండగ అరిసెల మధ్యలో వద్దని. చూసుకుంటున్న సంబంధం అబ్బాయికి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది తేలలేదు. అమ్మ వద్దంటోంది, నాయనమ్మ చెప్పమంటోంది, స్రవంతి మూడువారాలుగా నా దగ్గర రెండువైపులా వాదిస్తోంది. వచ్చే మంగళవారం మళ్ళీ వస్తుంది. పొటాషియం రిపోర్టు తెమ్మన్నాను.